అనిమోన్లకు మేత నిషేధం

నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో, నా చదువు దేని మీద అని ఊళ్ళో ఎవరైనా అడిగితే మా నాన్న ముందు దగ్గేవాడు. తర్వాత "సముద్రం మీద" అనేవాడు. అంతటితో వదిలేస్తే ఆయన పరువు నిలిచేది. అడిగినవాళ్ళు వదిలేవాళ్ళు కాదు. సముద్రంలో చేపల మీదా, రొయ్యల మీదా, పోనీ తాబేళ్ళ మీదా అని ఆరా తీసేవాళ్ళు. మా నాన్న చీపురుపల్లి పక్కన వరీ గోగూ పండించే మనిషి. అబద్ధమాడటం చేతకాదు, నిజం చెప్పాలంటే సిగ్గు. చివరికి "అదేటో పువ్వునాగ ఉంటాదంట, పువ్వు కాదంట, జంతువంట. దానికి కొవ్వెంతున్నాదో సూస్తాదంట మా గుంట" అనేసి, గొడ్లకు నీళ్ళు పెట్టే పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేవాడు.

ఆయన చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. దాన్ని సీ అనిమోన్ అంటారు. తీరంలో బండలకి అంటుకుని బతుకుతుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ చుట్టూ మెత్తని వేళ్ళు చాచుకుని విచ్చుకున్న పువ్వులా కనిపిస్తుంది. ముట్టుకుంటే ఆ వేళ్ళన్నీ లోపలికి లాక్కుని, గుండ్రంగా ముద్దయిపోయి, మన మొహాన నీళ్ళు చిమ్ముతుంది. ఆ చిమ్మడం చూసి, పూసపాటిరేగ అవతల నేను పనిచేసిన పల్లెలో ఆడవాళ్ళు దానికో పేరు పెట్టారు. ఆ పేరు ఇక్కడ రాయలేను. థీసిస్‌లో స్థానికంగా ఏమంటారో రాయాల్సిన చోట కూడా ఖాళీ వదిలేశాను. ఎందుకు వదిలావని ఎగ్జామినర్ అడిగితే చున్నీ సర్దుకున్నాను.

నేను తేల్చాల్సింది ఒక్కటే. ఆ జీవి ఏ కాలంలో ఒంట్లో ఎంత కొవ్వు, ఎంత పిండిపదార్థం దాచుకుంటుంది, ఏ కాలంలో ఎంత ఖర్చు పెడుతుంది? వానలకి చంపావతి లాంటి ఏర్లు పొలాల బురదంతా తెచ్చి సముద్రంలో కలిపాక దానికి తిండికి కొదవుండదు. అప్పుడు దాచుకుంటుంది. వేసవిలో బండల మధ్య మడుగు నీళ్ళు కాగిపోతాయి. ఒళ్ళు వేడెక్కి, ఊరికే కూర్చున్నా ఖర్చు పెరుగుతుంది, తిండేమో తగ్గుతుంది. అప్పుడు దాచింది తీసి తింటుంది. అదీ చాలకపోతే చావదు, చిన్నదవుతుంది. తన ఒళ్ళు తనే కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ, నిమ్మకాయంతది ఉసిరికాయంత అవుతుంది. ఇదంతా వేరే దేశాల తీరాల్లో చూసినవాళ్ళు రాసిన మాట. మన తీరంలోనూ ఇంతేనా అన్నది నా పని. మా అమ్మ రామతీర్థం వెళ్ళి, నా పని పూర్తయితే కొండ మెట్లన్నిటికీ పసుపు రాస్తానని మొక్కుకుంది. అనిమోన్ కొవ్వు సంగతి రాముడికి ఎలా విన్నవించుకున్నావే అంటే, "ఆయనకి నానేటి సెప్పాల, ఆయనకి తెల్దేటి" అంది.

విజయనగరంలో నా గైడు సారుకి రిటైర్మెంటు దగ్గర పడింది. మంచివాడు, తెలివైనవాడు. సముద్ర జీవుల మీద ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాడు గానీ తీరానికి మాత్రం రాడు. ఆయనకి నీళ్ళతో పేచీ లేదు, ఇసకతో ఉంది. బూట్లలో చేరితే మూడు రోజులు దులపాలంటాడు. అందుకని నెలకోసారి, సముద్రం బాగా వెనక్కి తగ్గే రోజు చూసుకుని నేనొక్కదాన్నే వెళ్ళేదాన్ని. హైవే మీద బస్సు దిగి, షేర్ ఆటోలో చేపల గంపల మధ్య ఇరుక్కుని, పల్లె చేరేసరికి నేనే ఓ చేపలా వాసన కొట్టేదాన్ని. మడుగులోంచి కొన్ని అనిమోన్లని మొద్దు చాకుతో మెల్లగా లేపి, మూత బిగించిన సీసాలో ఉంచి, అవి ఎంత ప్రాణవాయువు పీల్చాయో కొలిచి, తర్వాత లాబ్‌లో ఎండబెట్టి, నూరి, ఎంత కొవ్వుందో చూసేదాన్ని. రాసినంత అందంగా ఉండదు ఆ పని.

పల్లెలో నాకో అత్త దొరికింది. చుట్టం కాదు. ఎండు చేపలు ఆరబెట్టి విజయనగరం బజార్లో అమ్మే మనిషి, మొగుడికి పసుపురంగు పడవ ఉంది. నా సీసాలూ సంచీ పెట్టుకోవడానికి అరుగు మీద చోటిచ్చింది, దానికి అద్దె కింద నన్ను ప్రశ్నలడిగే హక్కు తీసుకుంది.

"ఈటిని అట్టుకెల్లి ఏటి సేస్తావు?" అని మొదటి రోజే అడిగింది.

"ఆకలేస్తే ఎలా బతుకుతాయో చూస్తానత్తా."

"సూసి?"

"రాసుకుంటాను."

"రాసుకుని?"

"డాక్టరేట్ ఇస్తారు."

అత్త చేపలు తిరగేస్తున్న చెయ్యి ఆపి, పక్కింటి ఆవిడని కేకేసింది. "ఓలమ్మో, ఇన్నావేటే! ఆకలేసినోలకి కూడెట్టకుండా, కూకోని సూసి రాసుకుంటే ఈ గుంటకి డాకటేరు ఇచ్చీస్తారంట!" ఆ పక్కింటావిడ నవ్విన నవ్వుకి ఆరబోసిన చేపల మీద వాలిన కాకులన్నీ లేచిపోయాయి. నేనూ నవ్వాను. ఆ మాట వాళ్ళు నవ్వుకుని మర్చిపోయారనుకున్నాను.

ఆ పక్కింటావిడ గురించి ఇక్కడే చెప్పాలి. పులుసు పెట్టడంలో ఆవిడ చెయ్యి ఊరంతటికీ తెలుసు. పులుసులో వెయ్యడానికి చేప మాత్రం రోజూ ఉండేది కాదు. మొగుడికి నడుము పట్టేసి వేటకి వెళ్ళలేకపోయేవాడు. వాళ్ళ పడవ ఒడ్డున బోర్లా పడి ఉండేది, దాని కింద కోళ్ళు పడుకునేవి.

ఏప్రిల్ నడిమి నుంచి వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు మరపడవలని సముద్రంలోకి పోనివ్వదు. ఆ వారాల్లో పల్లె అంతా దాచుకున్న ఎండుచేపల మీద, అంబలి మీద నడుస్తుంది. ఆ రోజుల్లోనే ఒకసారి పక్కింటి గుమ్మంలో మూతేసిన సత్తు గిన్నె ఒకటి చూసి, "ఎవరు పెట్టారత్తా అది?" అన్నాను. అత్త నా జబ్బ గిల్లిన గిల్లుడికి రెండు రోజులు కమిలింది.

"అడక్కూడదు" అంది గొంతు తగ్గించి.

తర్వాత విడమరిచి చెప్పింది. వేట లేని కాలంలో ఏ ఇంట పొయ్యి వెలగకపోయినా, ఉన్నవాళ్ళు చూసుకుని గుమ్మంలో ఓ గిన్నె పెట్టి పోవాలి. పెట్టినట్టు ఎవరికీ చెప్పకూడదు, పక్కనున్న మనిషికి కూడా. తిన్నవాళ్ళు అడగకూడదు. గిన్నె కడిగి, బోరు గట్టు మీద బోర్లించేస్తే చాలు. ఎవరి పడవ రంగు వాళ్ళు గిన్నె అడుగున పూసుకుంటారు కాబట్టి, నీళ్ళకొచ్చినప్పుడు ఎవరిది వాళ్ళు మాట్లాడకుండా పట్టుకుపోతారు. ఆ సాయంత్రం అత్త బోరు గట్టు మీంచి పసుపు అడుగున్న గిన్నె తీసుకుని కొంగులో దాచుకోవడం చూశాను. అడగలేదు. జబ్బ ఇంకా మండుతోంది.

ఇక నా లెక్కల్లో వింత మొదలైంది. వేసవి ముదిరేకొద్దీ చిక్కిపోవలసిన అనిమోన్లు ఒళ్ళు చేస్తున్నాయి. ఏప్రిల్‌లో కొవ్వు పెరిగింది. మేలో ఇంకా పెరిగింది. నా నీడ పడగానే ముడుచుకోవలసినవి వేళ్ళు చాచుకుని దర్జాగా కూర్చునేవి. నా మీద అభిమానం కలిగిందేమో అని మనసులో మురిసిపోయాను కూడా.

సారు మొహం వెలిగిపోయింది. "మన తీరం వేరమ్మా! వేసవిలో అడుగునుంచి చల్లని నీళ్ళు పైకొస్తాయి, వాటితో తిండి వస్తుంది. మనవాటికి వేసవే పండగ!" అని బోర్డు మీద బాణాలు గీసి చూపించాడు. ఇన్నేళ్ళ సర్వీసులో తనదంటూ ఒక కొత్త మాట చెప్పే అవకాశం రిటైర్మెంటు ముందు వచ్చిందని ఆయన సంబరం. డిపార్టుమెంటులో సెమినార్ పెట్టించాడు, బయటినుంచి ఒక పెద్దాయన్ని పిలిపించాడు, ఆ రోజు కోసం కొత్త సఫారీ కుట్టించుకున్నాడు. నాకూ అది చాలా అవసరం. నా ఫెలోషిప్ ఆ ఏడాదితో ఆగిపోతుంది. వేసవి లెక్కలు సరిపోతే థీసిస్ రాయడం మొదలుపెట్టొచ్చు. తేడా వస్తే మళ్ళీ వేసవి వచ్చేదాకా ఒక ఏడాదంతా కాచుకోవాలి, ఆ ఏడాది దేనితో నడుస్తుందో తెలియదు.

సెమినార్ ఇంకో వారం ఉందనగా లాబ్‌లో ఒక బలిసిన అనిమోన్‌ని కోస్తుంటే కడుపులో ఏదో ఆకుపచ్చగా కనిపించింది. పట్టకారుతో తీసి గాజు పలక మీద పెట్టి సారుని పిలిచాను.

"నాచు" అన్నాడు సారు, మైక్రోస్కోపులోంచి తల ఎత్తకుండా.

"కాదు సార్. కరివేపాకు."

"సముద్రంలో కరివేపాకు ఎక్కడుంటుందమ్మా?"

"దానికో ఆవగింజ కూడా అంటుకుంది సార్, చూడండి."

సారు చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళజోడు తీసి, పట్టకారుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఆయన మొహంలో చల్లని నీళ్ళూ బాణాలూ అన్నీ ఒక్కొక్కటే ఆరిపోవడం నాకు కనిపించింది. "చింతపండు కూడా వేశారు" అన్నాడు నీరసంగా.

మర్నాడే బస్సెక్కాను. అత్తని అడిగితే, "నాకేటి తెల్సు? కెరటాలకి కొట్టుకొచ్చుంటాది" అంది, ఆకాశంకేసి చూస్తూ. పక్కింటావిడని అడిగితే కోళ్ళని అదిలించడానికి వెళ్ళిపోయింది. ఇంకెవరిని అడిగినా అదే మాట, అదే ఆకాశం. పైకి సరే అని, ఆటో ఎక్కుతున్నట్టు నటించి, పల్లె చుట్టూ తిరిగొచ్చి మడుగు పైన పెద్ద బండ చాటున నక్కాను. మిట్టమధ్యాహ్నం, బండ కాలుతోంది. నా ఒంట్లో కొవ్వు కరగడం నాకే తెలుస్తోంది.

కాసేపటికి ఒకావిడ వచ్చింది. అటూ ఇటూ చూసి, మడుగు పక్కన చతికిలబడి, కొంగు ముడి విప్పి ఎండు రొయ్యలు ఒక్కొక్కటే అనిమోన్లకి అందించింది. చిన్నపిల్లకి ముద్దలు పెడుతున్నట్టు "తిను, తిను" అంటోంది. అడుగుల చప్పుడు వినగానే లేచి, అలలకేసి చూస్తూ కాళ్ళు కడుక్కుంటున్నట్టు నిలబడింది. వచ్చింది ఇంకొకావిడ. ఈవిడ కట్టెలు ఏరుతున్నట్టు వంగింది. ఆ బండల మీద పుల్ల ముక్క ఎప్పుడూ ఉండదు. మొదటావిడ వెళ్ళీవెళ్ళగానే రెండో ఆవిడ కొంగు విప్పింది, అందులో నెత్తళ్ళు, వేలెడంత ఎండు చేపలు. ఆవిడ పోయాక మా అత్త వచ్చింది. ఆ వెనకే పక్కింటావిడ, చేతిలో గిన్నెతో సహా వచ్చి, అత్తని చూసి గిన్నె వీపు వెనక దాచుకుంది. ఇద్దరూ ఎండ గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరిలో ఎవరూ కదలరు.

నేనింక ఆగలేక బండ మీద లేచి నిలబడ్డాను. "అత్తా!" అన్నాను.

ఆ కేకకి, దూరంగా పోతున్నట్టు నటిస్తున్న మిగతా ఇద్దరు కూడా వెనక్కి పరిగెత్తుకొచ్చారు. నలుగురూ మడుగు చుట్టూ నిలబడి ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు.

"నువ్వూనేటే?" అంది అత్త.

"మరి నువ్వో?" అంది రొయ్యలావిడ.

"నానొక్కదాన్నే ఎడతన్నాననుకున్నానే!"

"నానూ అలాగే అనుకున్నానొదినా. ఆకలికి ఉంచీసి సూస్తందంట, పాపం నోరు లేనియ్యి కదా అని..." అంది నెత్తళ్ళావిడ.

పక్కింటావిడకి కోపం ముంచుకొచ్చింది. "మీ అందరూ ముందే మేపీసినారా? అందుకేటి, నానెడితే తినకుండా ఊసీసినాయి! సప్పగుందేమో, నోటికి సయించలేదేమో అని పులుసు కూడా అట్టుకొచ్చినాను!"

అదీ సంగతి. నేను చెప్పిన మాట వాళ్ళు మర్చిపోలేదు. వేట లేని కాలంలో ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టాలి, పెట్టినట్టు చెప్పకూడదు. ఆ కట్టుబాటు ప్రకారం నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు, నా అనిమోన్లకి రోజూ నాలుగు పూటల విందు చేశారు. చెప్పుకునుంటే ఒకళ్ళతో పోయేది. ఆ పల్లెలో చెప్పుకోరు.

నాకు ముందు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ కూలబడి ఏడ్చేశాను. నా ఏడాది పోయిందని, మళ్ళీ వేసవి దాకా ఆగాలని, ఫెలోషిప్ ఉండదని అన్నీ చెప్పుకుని ఏడ్చాను. నలుగురి మొహాలూ మాడిపోయాయి. పక్కింటావిడ ఏం చెయ్యాలో తోచక గిన్నె నాకివ్వబోయి, అందులో ఉన్నది అనిమోన్ల పులుసని గుర్తొచ్చి వెనక్కి లాక్కుంది.

పంచాయితీ కులపెద్ద దాకా వెళ్ళింది. ఆయన చుట్ట కాలుస్తూ అంతా విన్నాడు. ఊరి ఆడవాళ్ళు ఆ పేరుగల జీవికి పులుసు పోశారన్న చోట మాత్రం చుట్ట తీసి పక్కకి తిరిగి దగ్గాడు. తర్వాత తీర్పు చెప్పాడు. "గవర్నమెంటు మన నోటికాడ నిసేదం ఎట్టింది. ఎందుకెట్టింది? సేపలు బాగుండాలని. మనం ఊరుకున్నామా లేదా? అలాగే వొచ్చే ఏడు వేట నిసేదం ఉన్నన్నాల్లూ ఆ మడుగుకి మేత నిసేదం. ఎవులు ఎట్టినా ఊరోల వలలన్నీ ఆలే కుట్టాల." సాయంత్రం డప్పు కొట్టించి చాటింపు కూడా వేయించాడు. డప్పు కొట్టినతను ఆ జీవి అసలు పేరుతోనే చాటింపు వేశాడు. ఊరు ఊరంతా గుమ్మాల్లోకొచ్చి నవ్వింది.

సారుకి అన్నీ చెప్పాను. తిడతాడనుకున్నాను. ఆయన బోర్డు మీద బాణాలు తుడిచేసి, చేతులు దులుపుకుని, "ఇంకో వేసవి చూద్దాం. నేను రిటైరైనా గైడుగా నన్ను తియ్యరులే" అన్నాడు. సెమినార్‌లో మడుగు సంగతి ఎత్తకుండా వానాకాలం లెక్కలు చెప్పి, కొత్త సఫారీలోనే ఇంటికెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, "ఆ కరివేపాకు స్లైడ్ మాత్రం పారేయకమ్మా" అన్నాడు. అది ఇప్పటికీ నా దగ్గరుంది.

ఆ ఏడాది ఎలా గడిచిందో చెబితే ఏడుపు కథ అవుతుంది కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఇంట్లో ఫెలోషిప్ పొడిగించారని చెప్పాను. నిజం చెబితే మా నాన్న బీఈడీ అప్లికేషన్ తెస్తాడు. పొద్దున్నే ట్యూషన్లు చెప్పి, పల్లెకి వెళ్ళే రోజు షేర్ ఆటో మానేసి హైవే నుంచి నడిచేదాన్ని. మధ్యాహ్నం భోజనం మానేశాను. అత్త అడిగితే తినేసొచ్చాననేదాన్ని. అబద్ధమాడటంలో మా నాన్న కన్నా నేనే నయం అనుకున్నాను.

వేసవి వచ్చింది. వేట ఆగింది, మేత కూడా ఆగింది. పల్లెలో ఆడవాళ్ళు మడుగువైపు వీపు పెట్టి నడిచేవాళ్ళు. "సూస్తే సెయ్యి ఆగదే" అనేది పక్కింటావిడ, కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుని. అనిమోన్లు పుస్తకంలో రాసినట్టే నడుచుకున్నాయి. నీళ్ళు వేడెక్కేకొద్దీ సీసాలో ప్రాణవాయువు ఎక్కువ పీల్చాయి, ఒంట్లో కొవ్వు దిగింది, నెల తిరిగేసరికి ఒళ్ళు చిన్నదైంది. వాటిని చూస్తే జాలేసేది, లెక్కలు చూస్తే గంతులెయ్యాలనిపించేది. రెండూ ఒకే రోజు జరిగేవి.

అత్త మాత్రం అనిమోన్లని కాకుండా నన్ను చూసేది. "నీ బట్టలేటే అంత వదులైపోనాయి?" అంది ఒకరోజు.

"ఎండలకత్తా."

"ఎండ మాకూ కాస్తంది" అంది.

ఆ తర్వాతి సారి మడుగులో పని చేసుకుని లేచి చూస్తే, బండ మీద నా సంచి పక్కన మూతేసిన సత్తు గిన్నె ఒకటుంది. అన్నం, ఎండు నెత్తళ్ళ వంకాయ కూర. తల తిప్పి చూశాను. ఒడ్డు పొడుగునా ఆడవాళ్ళు పడవ ఒక్కటి లేని సముద్రంకేసి చాలా శ్రద్ధగా చూస్తున్నారు. ఎవరు పెట్టారని అడగడానికి నోరు తెరిచాను. పోయినేడు కమిలిన జబ్బ గుర్తొచ్చి మూసేశాను. కూర్చుని తిన్నాను. ఆకలి అంతుందని తినేదాకా నాకే తెలియలేదు. సిగ్గేసింది, ఏడుపొచ్చింది, అయినా గిన్నె ఖాళీ చేసే లేచాను. వేట నిషేధం రోజుల్లో ఏ ఇంట ఎంత ఉంటుందో నాకు తెలుసు.

గిన్నె కడిగి, బోరు గట్టు మీద బోర్లించి వచ్చాను. అడుగున నీలం రంగుంది.

ఆ వేసవిలో లెక్కలు పక్కాగా ఉండాలని వారానికోసారి వెళ్ళేదాన్ని. రెండోసారి గిన్నెలు రెండయ్యాయి, ఒకటి సంచి పక్కన, ఒకటి సంచి వెనకాల. చివరికి నాలుగయ్యాయి. నేనెక్కడ కూర్చుంటానో కనిపెట్టి ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టి పోతున్నారు. వదిలేస్తే పెట్టినవాళ్ళకి చిన్నతనం, అడిగితే నాకు చిన్నతనం. అన్నీ తినేదాన్ని. తిని, బండ నీడలో ఆయాసపడుతూ, కొవ్వు తగ్గిన అనిమోన్ల లెక్కలు రాసుకునేదాన్ని. జూన్ వచ్చేసరికి వదులైన బట్టలు బిగుతయ్యాయి. అన్నీ చిక్కిపోయే కాలంలో ఆ తీరం పొడుగునా ఒళ్ళు చేసింది నేనొక్కదాన్నే. మేత నిషేధం నాకు కూడా వేయించాల్సింది.

ఆఖరి రోజు, ఆఖరి సీసా మూత బిగించి, "అయిపోయింది!" అని గట్టిగా అరిచాను. ఆ మాట కోసమే కాచుకున్నట్టు కొంగుల్లో రొయ్యలతో అందరూ మడుగు మీదకి ఎగబడ్డారు. వాళ్ళు వాటికి పెడుతుండగా నేను గిన్నెలు పట్టుకుని బోరు దగ్గరికి వెళ్ళాను. ఎప్పుడూ తిన్నది తిన్నట్టే ఒక్కొక్కటీ కడిగి పెట్టేదాన్ని, ఆ రోజు నాలుగూ ఒకేసారి కడిగి, వరసగా బోర్లించాను.

అప్పుడు చూశాను రంగులు. ఒకటి నీలం. ఒకటి ఎరుపు. ఒకటి పసుపు. ఇంకొకటీ పసుపే.

నీళ్ళ బిందెతో వెనకే వచ్చిన అత్త కూడా చూసింది. తను నాకు పెట్టింది ఒకటే. రెండో పసుపు గిన్నె తను పొద్దున పక్కింటి గుమ్మంలో పెట్టినది. అందులో నేను తిన్నది పులుసు. ముక్క తక్కువ, కరివేపాకు ఎక్కువ. ఒడ్డున బోర్లా పడిన పడవకే పూయడానికి రంగు లేదు, ఇక గిన్నెకెక్కడిది? పక్కింటావిడ ఆ గిన్నెలోనే, తన ఇంటికొచ్చిన దాన్నే పులుసు చేసి, నాకు తెచ్చి పెట్టింది.

పక్కింటావిడ కాస్త దూరంలో నిలబడి ఆకాశంకేసి చూస్తోంది.

అత్త బిందె దించింది. పసుపు గిన్నెలు రెండూ తీసి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, కొంగు కింద దాచుకుని ఇంటివైపు నడిచింది. నేనేమీ అడగలేదు. జబ్బ మీద చెయ్యేసుకుని ఆటో కోసం నిలబడ్డాను.